మూడు గాట్ల బుష్

బండి ఒక పక్కకు గుంజుతోందని ఎవరైనా షెడ్డుకు వస్తే మిస్త్రీకి మొదట అనుమానం వచ్చేది నడిపేవాళ్ల మీదే. నలభై ఏళ్లు ఈ పని చేసినవాణ్ని, నాకూ ఆ జబ్బు ఉండేది. కరీంనగర్‌లో ఉస్తాద్ దగ్గర కొన్నేళ్లు, అక్కడే ఒక షోరూం వర్క్‌షాపులో చాలా ఏళ్లు, చివరికి మంచిర్యాల నుంచి నస్పూర్ పోయే దారిలో సొంత షెడ్డు. ఎప్పుడు ఫోర్‌మన్ అయ్యాను, ఎవరు శాలువా కప్పారు లాంటివి రాస్తే నాకే నిద్రొస్తుంది. ఐటీఐ చదివి ఇప్పుడిప్పుడే స్పానరు పడుతున్న పిల్లలకు పనికొచ్చే సంగతులు నా దగ్గర నాలుగైదుకు మించి లేవు. వాటిలో పెద్దది ఒక నల్ల కారు సంగతి. దాని రోగం దొరకడానికి నాకు మూడు వారాలు పట్టింది. దొరికిన రోజు నాకు అన్నం సయించలేదు.

ముందు రోగం పేర్లు చెప్పుకుందాం. ఇంజిన్ బలం ముందు చక్రాలకు వెళ్లే కార్లలో రెండు తిక్కలుంటాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే స్టీరింగ్ దానంతటదే ఒక పక్కకు పోవడం మొదటిది. పుస్తకాల్లో టార్క్ స్టీర్ అని రాస్తారు, మా షెడ్డులో గుంజుడు అంటాం. నిలబడిన బండిని ఒక్కసారిగా లేపితే ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటూ వదిలేస్తూ దడదడా ఎగరడం రెండోది. అది వీల్ హాప్, మా మాటలో దుంకుడు. బండిని లాగే పనీ, తిప్పే పనీ ఆ రెండు చక్రాలే చెయ్యాలి కాబట్టి వీటికి ఈ తిప్పలు తప్పవు. ఇంజిన్‌కు బలం పెంచి, వెడల్పాటి టైర్లు వేసి, స్ప్రింగులు కోసి బండిని కిందికి దించితే తిప్పలు ఇంకా ముదురుతాయి.

పక్క సీటు

నాకు పని నేర్పింది యాకూబ్ ఉస్తాద్. కరీంనగర్ బస్టాండు వెనక ఆయన షెడ్డు. బండి రాగానే మేమంతా బోనెట్ మీద పడేవాళ్లం. ఆయన మాత్రం బండి యజమానినే నడపమని, తను పక్క సీట్లో కూర్చుని, అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడేమో అనుకునేవాళ్లం.

"అరె లింగం, బోనెట్ ఏడికి పోదు. ముందుగాల పక్కన కూసో. జర బండిని మాట్లాడనియ్, దాన్ని తోలేటోన్ని మాట్లాడనియ్. నీ తెలివి తర్వాత తీద్దువు" అనేవాడు.

ఒకసారి ఒక జీపుకు ముందు షాక్ అబ్జార్బర్ ఒకటే పాడైతే ఒకటే మార్చాను. రెండోది బాగానే ఉంది కదా, ఎందుకు దండగ అనుకున్నాను. ఉస్తాద్ నా ఎడమ కాలి చెప్పు విప్పించి, మూలనున్న గమ్‌బూటు తొడిగించాడు. కుడి కాలికి మామూలు చెప్పే. అలాగే బస్టాండు ముందు నుంచి చాయ్ హోటల్ దాకా నడిచి చాయ్ తెమ్మన్నాడు. దారి పొడుగునా ఆటోవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. నేను తిరిగొచ్చేసరికి సగం చాయ్ ఒలికింది.

"ముందు చక్రాలకు ఏది ఏసినా జోడీ ఏయాలె బేటా. ఇగ యాదుంటదా?" అన్నాడు.

యాదుంటుందన్నాను. చాలా ఏళ్లు ఉంది కూడా.

నార్మల్

షోరూంలో మా మేనేజర్ చదువుకున్న మనిషి, మంచివాడే. కాని రెండుసార్లు చూసినా దొరకని రోగం ఏదైనా ఉంటే కాగితం మీద 'నార్మల్' అని రాయించేవాడు. నడిపే పద్ధతి వల్ల, రోడ్డు వాలు వల్ల, ఈ మోడల్ స్వభావమే అంత, అని ఏదో ఒకటి. వాటిలో కొన్ని నిజమే. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ఎడమ చక్రానికి వెళ్లే డ్రైవ్ షాఫ్ట్ పొట్టి, కుడి చక్రానిది పొడుగు. బలం రెండు పక్కలా ఒకేలా అందక, గట్టిగా తొక్కితే బండి కొద్దిగా కుడికి పోతుంది. అది పుట్టుకతో వచ్చింది. పుట్టుకతో వచ్చినదాన్ని చెప్పి ఊరుకోవాలి, మధ్యలో వచ్చినదాన్ని వెతికి తీయాలి. ఈ రెండింటికీ తేడా తేల్చడమే మన పని. ఆయన తేల్చకుండానే సంతకం పెట్టేవాడు. నేను ఆయన వెనక చాలా గొణిగాను. నాకు ఆ మాట ఎంత సులువుగా వస్తుందో అప్పటికి తెలియదు.

బెల్టు

మాది బెల్లంపల్లి. బొగ్గు గనుల ఊళ్లలో పెరిగినవాళ్లకు బెల్టు అంటే నడుముకు కట్టుకునేది గుర్తురాదు, బొగ్గును మోసే కన్వేయర్ బెల్టు గుర్తొస్తుంది. లోపల పొరలు పొరలుగా గట్టి గుడ్డ, పైనా కిందా మందపాటి రబ్బరు. అరిగిపోయి పక్కన పడేసిన ముక్క ఇంటింటా ఉండేది. వాకిట్లో కాళ్లు తుడుచుకోవడానికి, బర్రెల కొట్టంలో పరచడానికి, నీళ్ల మోటారు కింద అదరకుండా పెట్టడానికి, చెప్పుల అడుగులకు. మా బాపు గనిలో బెల్టు అతుకులు వేసే ఫిట్టర్. ముక్క కోసినప్పుడల్లా పై వైపు ఏదో తెలియడానికి అంచున కత్తితో మూడు గాట్లు పెట్టేవాడు.

ఆ అలవాటు నాకూ వచ్చింది. సామాను దొరకని రోజుల్లో బెల్టు ముక్క కోసి, సన్నగా చెక్కి, బుష్‌లు చేసేవాణ్ని. బుష్ అంటే చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యికీ బండి ఒంటికీ మధ్య ఉండే రబ్బరు కీలు. ఆ చెయ్యిని లోయర్ ఆర్మ్ అంటాం. లింగన్న బెల్టు బుష్ వేస్తే బండి అమ్ముకున్నా బుష్ అరగదని మంచిర్యాలలో పేరు. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది. దాచుకోవడమెందుకు.

నల్ల కారు

రెండేళ్ల కింద ఒక ఉదయం సంపత్, రజిత వచ్చారు. భార్యాభర్తలు, నస్పూర్‌లో ఉంటారు. సంపత్ గనిలో పని చేస్తాడు. రజిత గోదావరిఖనిలో ఒక ఆసుపత్రిలో నర్సు. కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న డీజిల్ బండి. వేములవాడ తీసుకుపోయి పూజ చేయించిన వారానికే సంపత్ దాని అవతారం మార్చేశాడు. ఒళ్లంతా నల్ల స్టిక్కరు, వెడల్పు టైర్లు, కోసిన స్ప్రింగులు, తుప్పు పట్టకుండా అడుగున దట్టంగా నల్ల పూత, ఇంజిన్ బలం పెంచడానికి హైదరాబాద్ నుంచి తెచ్చిన ట్యూనింగ్ డబ్బా.

గోదావరి బ్రిడ్జి దాటాక, కరెంటు కేంద్రం బూడిద మోసే ట్యాంకర్‌ను దాటబోయిందట రజిత. మూడో గేరులో గట్టిగా తొక్కగానే బండి కుడికి, ఎదురుగా వస్తున్న బస్సు మీదికి పోయింది. భయపడి కాలు తీసేసరికి ఎడమకు కొట్టి ట్యాంకర్‌కు అద్దం రాసుకుంది. మనుషులకేమీ కాలేదు. ఆ సాయంత్రమే సంపత్ తాళంచెవి తీసి తన దగ్గర పెట్టుకున్నాడు. ఆమె మొదటి షిఫ్టుకు అందే బస్సు లేదు. ఆ వేళకు సంపత్ గనిలో హాజరు వేయించుకోవాలి. రెండు వారాలుగా బతిమాలి షిఫ్టులు మార్చుకుంటోంది. వచ్చే నెల నుంచి ఇక మార్చేది లేదని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. కారు నడపనివ్వకపోతే ఆమె ఉద్యోగం మానుకోవాల్సిందే.

"కాకా, బండి మంచిగనే ఉంది. గీమెకే స్టీరింగ్ పట్టుడు రాదు. నువ్వు చూసి ఏం లేదని చెప్తె పంచాయితి ఒడుస్తది" అన్నాడు సంపత్.

రజిత అతని మాట అయ్యేదాకా ఆగింది. "తొక్కితె కుడిదిక్కు గుంజుతది కాకా, ఇడిస్తె ఎడమ దిక్కు కొడ్తది. రెండో గేరు, మూడో గేరులనే. నాలుగుల ఉండదు. మా ఇంటి ముంగట ఎత్తు మీద లేపితె దడదడ దుంకుతది. అది గూడ ఎడమ టైరే ఎక్కువ" అంది.

నలభై ఏళ్లలో ఏ డ్రైవరూ నాకింత శుభ్రంగా రోగం చెప్పలేదు. ఆమె చెబుతున్నంతసేపూ నేను సంపత్ ముఖం చూస్తూ తలూపాను. పక్క సీట్లో కూడా కూర్చోలేదు. తాళంచెవి తీసుకుని నేనే ఒక చుట్టు తిప్పి వచ్చాను. గుంజుతోంది, దుంకుతోంది. ఆమె తప్పు లేదని అక్కడే తేలింది, ఆ మాట సంపత్‌తో చెప్పాను కూడా. కాని ఆమె ఆఖరున అన్న 'ఎడమ టైరే' నా చెవికి ఎక్కలేదు. పొడుగు షాఫ్ట్ కుడి పక్కన ఉంది, బండి కుడికి పోతోంది, పైగా డబ్బా పెట్టి బలం పెంచారు. లెక్క సరిపోయిందనుకున్నాను.

నేను చేసినవి, వరుసగా

మొదట ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చాను. టైరు వల్ల గుంజితే దిక్కు మారాలి. మారలేదు. కాబట్టి టైర్లు కావు. ఖర్చులేని ఈ పరీక్షను పిల్లలు ఎప్పుడూ వదలొద్దు.

తర్వాత అలైన్‌మెంట్. చక్రాల కోణాలన్నీ సరిగ్గానే ఉన్నాయని మిషన్ పచ్చగా చూపించింది.

ఆ తర్వాత బండిని ర్యాంప్ మీదికి ఎక్కించి, ఇనుప కడ్డీతో లోయర్ ఆర్మ్ బుష్‌లు కదిపి చూశాను. ఎడమది బండలా ఉంది. కుడిది కాస్త కదిలింది. దొరికింది దొంగ అనుకుని కుడి పక్క కొత్త బుష్ వేశాను. ఎడమది అంత బాగుంటే దాన్నెందుకు ముట్టాలి? గమ్‌బూటు అప్పుడు గుర్తుకు రాలేదు.

నాలుగు రోజులకు ఇద్దరూ మళ్లీ వచ్చారు. సంపత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆమే నడిపి చూసిందట. "ఇదివరకటి కంటె ఎక్కువ గుంజుతుంది కాకా" అంది రజిత.

బాగుచేస్తే రోగం పెరగడం నాకు వింతగా తోచింది. నిజానికి అక్కడే ఆగి ఆలోచించాలి. కుడిది బాగుచేస్తే రోగం పెరిగిందంటే, ఎడమదాని చెడును కుడిదాని చెడు ఇన్నాళ్లూ సరిచేస్తూ వచ్చిందన్నమాట. రెండూ జారుతుంటే తేడా చిన్నది. ఒకటి గట్టిపడగానే తేడా పెద్దదైంది. ఇప్పుడు రాస్తుంటే ఎంత తేలికగా ఉంది. ఆ రోజు మాత్రం నేను డబ్బా పీకేశాను. మళ్లీ రెండు వారాల తర్వాత వచ్చారు.

"తగ్గింది గాని పోలే" అంది.

"అది నార్మల్ బిడ్డా. గీ బండ్లకు పుట్టుకతోనే ఉంటది" అన్నాను.

అన్నాక నా గొంతు నాకే వినపడింది. షోరూంలో ఆ కాగితాలు, ఆ సంతకాలు కళ్లముందు కదిలాయి. సంపత్ మాత్రం సంబరపడి, "ఇన్నవా, కాక గూడ చెప్పిండు" అన్నాడు.

రజిత కదల్లేదు. "కాకా, ఒక మాట చెప్త, ఏం అనుకోకు. మా వార్డుల కొందరు పేషెంట్లకు మంచం మీద పండుకున్నప్పుడు బీపీ చూస్తె మంచిగనే ఉంటది. లేపి నిలవెట్టంగనే పడిపోతది, కండ్లు తిరుగుతయి. పండవెట్టి చూస్తె ఆ రోగం ఎన్నడు దొరకది. నువ్వు గూడ బండిని పండవెట్టే చూస్తున్నవ్" అంది.

ఆమె అన్నది నిజమే. మిషన్ మీద బండి కదలకుండా ఉంది. ర్యాంప్ మీద చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇంజిన్ గుంజుతున్నప్పుడు కింద ఏం జరుగుతోందో నేను ఒక్కసారీ చూడలేదు. అంతేకాదు, నేను కడ్డీతో ఎత్తింది కిందినుంచి పైకి. ఇంజిన్ గుంజేది ముందుకూ వెనక్కూ. రెండు దిక్కులూ ఒకటేనని ఎవరు చెప్పారు నాకు?

ఫోన్‌లో కనిపించింది

సంపత్ ఫోన్‌ను బండి అడుగున, ముందు కుడి ఆర్మ్ కనిపించేలా ప్లాస్టిక్ పట్టీలతో గట్టిగా బిగించి, డబ్బా మళ్లీ తగిలించాం. షెడ్డు వెనక ఖాళీ జాగాలో రజిత బండిని రెండుసార్లు గట్టిగా లేపింది. తర్వాత ఫోన్ ఎడమకు మార్చాం. మళ్లీ రెండుసార్లు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి ఫోన్ తీసిన వీడియోలు మెల్లగా నడిపించి చూశాం.

కుడి ఆర్మ్ దాదాపు కదల్లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఎడమది వేలి మందాన ముందుకు జారింది. దాంతో చక్రం ముక్కు లోపలికి, అంటే కుడి దిక్కుకు తిరిగింది. కాలు తీయగానే ఆర్మ్ వెనక్కి కొట్టుకుంది. ఇంకా గట్టిగా లేపినప్పుడు జారడం, కొట్టుకోవడం, జారడం, కొట్టుకోవడం. అదే దుంకుడు. గుంజుడూ దుంకుడూ రెండు రోగాలనుకుని తిరిగాను, రెండూ ఒకే చోటు నుంచి పుడుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు పండగలా ఉంది.

సంపత్ మొదటిసారి భార్య వైపు చూశాడు.

గాట్లు

బండి ర్యాంప్ ఎక్కించి ఎడమ ఆర్మ్ విప్పాను. వాళ్లిద్దరూ అవతల బల్ల మీద కూర్చున్నారు. బుష్ బయటికి వచ్చింది. అంతా నల్ల పూత. కత్తితో గీకాను. రబ్బరు కింద గుడ్డ పొర కనిపించింది. ఇంకో పొర. పొరలు ఒకదాన్నొకటి వదిలేసి, పక్కలకు వేళ్లతో జరిపితే జరుగుతున్నాయి. పైనుంచి నొక్కితే మాత్రం బండరాయే. అంచు తిప్పి చూశాను. మూడు గాట్లు.

అప్పుడు కారు గుర్తొచ్చింది. నల్ల స్టిక్కరు కింద అది వెండి రంగు బండి. లాక్‌డౌన్ రోజుల్లో ఒక టీచరు తెచ్చాడు. ఎడమ బుష్ చినిగిపోయింది, సామాను రావడం లేదు, వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాలి. బెల్టు ముక్కతో చేసి వేశాను. ఎడమకు మాత్రమే. ఆర్నెల్లలో రండి, జోడీ కొత్తవి వేద్దామన్నాను. ఆయన రాలేదు, నేను ఫోన్ చెయ్యలేదు, బండి చేతులు మారింది. మామూలు ఇంజిన్‌తో అది ఎన్నాళ్లో నడిచేది. బలం పెరిగేసరికి పొరలు విడిపోయాయి. కాని డబ్బా మీద నెట్టేయడం నా వల్ల కాలేదు. జోడీ వెయ్యనిది నేను. గని బెల్టు బొగ్గు మోయడానికి పుట్టిందనీ, మలుపుల్లో మనుషుల్ని మోసే చక్రానికి కాదనీ తెలియాల్సింది నాకు.

ఆ ముక్క తుక్కు డబ్బాలో పడేసి, బుష్ పోయింది, కొత్తది వేశా అంటే సరిపోయేది. పైగా పొగిడేవాళ్లు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. బాపు గుర్తుకొచ్చాడు. గాట్లు పెట్టేది పై వైపు తెలియడానికేనని చెప్పేవాడు గాని, ఎవరి పనో తెలియడానికి కూడా అవి పనికొచ్చేవి. ముక్క పట్టుకుని బల్ల దగ్గరికి పోయాను.

"గిదేంది కాకా, చెప్పు అడుగు తీర్గ ఉంది. ఎవరేసిన్రు గిది?" అన్నాడు సంపత్.

"నేనే ఏసిన" అన్నాను. జరిగిందంతా చెప్పాను. అరవై దాటాక ఒక ఆడపిల్ల ముందు అలా నిలబడాల్సి వస్తుందని అనుకోలేదు.

రజిత ముక్క చేతిలోకి తీసుకుని పొరలు అటూ ఇటూ జరిపి చూసింది. "గా బ్రిడ్జి కాడి నుంచి నా చేతులనే తిట్టుకుంటున్న కాకా. నాకే రాదేమో, ఎవరినన్న సంపుతనేమో అని. రాత్రి నిద్ర పట్టకపోయేది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

సంపత్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "నేను గూడ నిన్నే అంటి గదా" అన్నాడు.

జోడీ

రెండు పక్కలా కంపెనీవి కొత్త బుష్‌లు తెప్పించి వేశాను. రజిత నడిపింది. నేను పక్క సీట్లో కూర్చుని అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించాను. సంపత్ వెనక సీట్లో. డబ్బా లేకుండా వెళ్లాం, గుంజుడు లేదు. నాకు ఊరికే ఉండబుద్ధి కాక డబ్బా తగిలించి మళ్లీ వెళ్దామన్నాను. తొక్కితే కాస్త కుడికి చూసింది, చేత్తో పట్టుకుంటే ఆగింది. ఇది పుట్టుకతో వచ్చిన గుంజుడు. దుంకుడు పూర్తిగా పోయింది. రజిత బండి ఆపి, "తెలిసింది గదా కాకా, ఇగ గా డబ్బా పీకెయ్" అంది. సంపత్ వెనక సీటు దిగి తనే బోనెట్ ఎత్తి డబ్బా పీకాడు.

బ్రిడ్జి దాటాక ముందు ఒక బూడిద ట్యాంకర్ కనిపించింది. ఆమె అద్దం చూసింది, ఇండికేటర్ వేసింది, మూడో గేరులో గట్టిగా తొక్కింది. బండి గీత గీసినట్టు నేరుగా వెళ్లింది. ఆమె తొక్కినప్పుడే నేను కళ్లు మూసుకున్నాను, నేరుగా పోవడం అరచేతికి తెలిసింది. మర్నాటి నుంచి మొదటి షిఫ్టుకు ఆమే కారు తీసుకుని పోయింది.

ఆ తర్వాత ఏడాదికి షెడ్డు మూసేశాను. ఆ ఏడాదంతా కొత్త పని తక్కువ చేశాను. నేను బెల్టు బుష్‌లు వేసిన బండ్లు గుర్తున్నంతవరకు వెతికి, ఫోన్లు చేసి, పిలిపించి, వాటి కింద పడుకుని నా పనిని నేనే విప్పాను. కొందరు నవ్వారు. కొందరు బాగానే ఉంది కదా లింగన్నా, ఎందుకు కెలుకుతవ్ అన్నారు. చాలావరకు దొరికాయి. రెండు దొరకలేదు. ఒకటి తెల్ల కారు, చెన్నూరు వైపు అమ్మేశారట. ఇంకొకటి ఆసిఫాబాద్ దాటి మహారాష్ట్ర పోయిందన్నారు. రంగులు మారి ఉంటాయి.

ఇదంతా రాసింది అందుకే. ఏదో ఒక రోజు మీలో ఒకరు ఒక పాత కారు కింద పడుకుంటారు. ఎడమ బుష్ కడ్డీకి బండలా తగులుతుంది. అప్పుడు పూత గీకి అంచు చూడండి. మూడు గాట్లు కనిపిస్తే తీసేయండి, రెండు పక్కలా కొత్తవి వేయండి. నడిపేవాళ్లు అప్పటికే తమ చేతుల్ని తిట్టుకుంటూ ఉండొచ్చు. ఎవరు వేశారని అడిగితే నా పేరు చెప్పండి, బెల్లంపల్లి రాజలింగం.